లైట్ ఉన్నది గదా

మా సోలాపూర్‌లో కరెంట్ పోదు, లైట్ పోతుంది. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన చుట్టాలు ఈ మాట విని నవ్వుతారు. పట్టపగలు ఫ్యాన్ ఆగినా, మిక్సీ ఆగినా, మగ్గం మోటారు ఆగినా మేము "లైట్ పోయింది" అనే అంటాం. మరాఠీవాళ్ల నోట్లోంచి మా నోట్లోకి ఎప్పుడో వచ్చి చేరిన మాట. ఇక్కడ లైట్ అంటే వెలుగు కాదు, కరెంటే. మా తాత నుంచి నా దాకా ఎవరికీ ఇందులో అనుమానం రాలేదు. ఈ ఎండాకాలం ఆ ఒక్క మాట మా నాయన కుడిచేతిని తీసుకుపోబోయింది. దాని గురించే ఇది.

నాకు ముప్పై దాటాయి, వీడియో గేములు ఆడతాను. ఈ రెండు మాటలూ ఒకే మనిషి గురించి అంటే మావాళ్లకు మింగుడుపడదు. పెళ్లి మాట దాటేసినా ఓర్చుకుంటారు గానీ, టీవీ ముందు బాసింపట్టు వేసుకుని వేళ్లు ఆడించే ఆడదాన్ని చూస్తే మాత్రం వాళ్లకు ఎక్కడలేని బెంగ పుడుతుంది. కుంభారిలో ఉండే మా పెద్దమ్మ ఇంటికి వచ్చినప్పుడల్లా నన్ను కాసేపు చూసి, మా అమ్మను పక్కకు పిలిచి ఏదో చెప్పి వెళ్తుంది. ఏం చెప్పిందని నేను అడగను. అడిగితే నాకు కోపం వస్తుంది, నా కోపం మంచిది కాదు. వారమంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని తువ్వాళ్లకూ చద్దర్లకూ డిజైన్లు గీస్తాను. గళ్లు నింపి నింపి పూలు, నెమళ్లు చేస్తాను. సెలవు రోజున నా కంటికి నెమలి కనబడకూడదు, అంతే.

ఈ ఎండాకాలం నా సెలవులన్నీ ఒక పాడుబడ్డ బంగ్లాలో గడిచాయి. అది నేను ఆడిన ఆట. చేతిలో కత్తీ తుపాకీ ఏమీ ఉండవు. ఇంట్లో మనతోపాటు ఇంకేదో తిరుగుతుంటుంది. అది కనబడదు, వినబడుతుంది. చెవిపెట్టి అది ఏ గదిలో ఉందో పట్టుకోవాలి, అది లేని దారిన బయటపడాలి. అందుకని చెవులను నిండా మూసే హెడ్‌ఫోన్ పెట్టుకునేదాన్ని. పెట్టుకుంటే బయట మగ్గం చప్పుడు కూడా వినబడదు. నడుమ నడుమ కళ్లు మండితే ఆట ఆపి, పాత పుస్తకాల బండి మీద దొరికిన డిటెక్టివ్ నవలలు చదివేదాన్ని. సగం పుస్తకానికే హంతకుడెవరో చెప్పేస్తానని నాకు గర్వం. చెప్పేసి, చివరి పేజీ చూసి, నిజమైతే అమ్మకు కూడా వినిపించేదాన్ని. "ఎవడో ఎవణ్ణో చంపితె నీకేం సంబురమే" అనేది ఆమె.

ఇంట్లో టీవీ ఒకటే. అమ్మ దాని ముందు చేట పెట్టుకుని బీడీలు చుడుతుంది. ఆమె చేతులు వాటంతటవి చుడుతుంటాయి, కళ్లు సీరియల్‌లో ఉంటాయి. నా ఆట మొదలుకావాలంటే ఆమె సీరియల్ అయిపోవాలి. ఒకసారి అలా ఓపిక పట్టి, ఆట మొదలుపెట్టి, పొద్దంతా బంగ్లాలో పాకి పాకి, ఆఖరి తలుపు దగ్గరికి చేరేసరికి లైట్ పోయింది. ఆ ఆటలో ఎక్కడ పడితే అక్కడ దాచుకునే వీలు లేదు. మళ్లీ మొదటి గది. నేను ఒంటికాలి మీద లేచాను. అశోక్ చౌక్ వైపు ఏవో స్తంభాలు మారుస్తున్నారని ఈ ఎండాకాలమంతా లైట్ ఇలా పోయి అలా వస్తోంది. ఆ నెల జీతం రాగానే ఇన్వర్టర్ కొన్నాను.

ఎలక్ట్రీషియన్ వచ్చి మెట్ల కింద డబ్బా పెట్టి, పైన టీవీకి, ఫ్యాన్‌కు వైర్ కలిపాడు. మగ్గం మోటారును ఆ బ్యాటరీ లాగలేదు, అది మాకూ తెలుసు. అప్పుడు అమ్మ కింద మగ్గం మీది ట్యూబ్‌లైట్ కూడా దానికే కలపమంది. లైట్ పోయినప్పుడు ఆ కార్ఖానా గదిలో చీకట్లో నాయన ఎక్కడ కాలు జారి పడతాడోనని ఆమె భయం. నాక్కూడా మంచి ఆలోచన అనిపించింది. నాయన భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ నవ్వాడు. "దీని ఆట పుణ్యాన నా మగ్గానికి గుడ దీపమొచ్చింది" అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం.

మా ఇల్లు కింద మగ్గం, పైన మనుషులు. ఒకప్పుడు కింద నాలుగు పవర్‌లూమ్‌లు ఉండేవి. మూడు పోగా ఇప్పుడు ఒకటే మిగిలింది. గల్లీలో కూడా అంతే, సగం ఇళ్లలో చప్పుడు ఆగిపోయింది. నాయన ఆ ఒక్కదాని మీదే తువ్వాళ్లు నేస్తాడు. దారం ఆరిపోకూడదని, దుమ్ము రాకూడదని కిటికీలకు గోనెపట్టాలు కట్టి ఉంటాయి. పగలే అయినా ట్యూబ్‌లైట్ లేకుండా లోపల ఏమీ కనబడదు. ఆ గదిలో ఆయనకు ఒక పాత లెక్క ఉంది, నేసేవాళ్లందరికీ ఉండే లెక్కే. మగ్గం ఆగి దీపం కూడా ఆరితే లైట్ పోయినట్టు. చెయ్యి బయటకు తీసి, లైట్ వచ్చినా మగ్గం దానంతట అది నడవకుండా హ్యాండిల్ పక్కకు తోసి, ఇంటి ముందు అరుగు మీదికి, మా ఓటా మీదికి, వచ్చి కూర్చోవాలి. మగ్గం ఆగి దీపం వెలుగుతుంటే తప్పు మగ్గంలో ఉన్నట్టు. దారం తెగి ఉంటుంది, లేదా ఇంకేదో. అప్పుడు వంగి వెతకాలి.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది మా ఇంట్లో ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు. నాయనకు వినబడదు. మొత్తానికి కాదేమో, ఎంతవరకో మాకు తెలియదు, ఆయన చెప్పడు. మగ్గాల గదిలో మామూలుగానే ఎవరి మాటా ఎవరికీ వినబడదు కదా. అక్కడ అందరూ పెదవులు కదిపి, చేతులు ఆడించి మాట్లాడుకుంటారు. మగ్గాల మాట అంటాం దాన్ని. నేను అక్షరాల కంటే ముందు అదే నేర్చుకున్నాను. విప్పిన అరచేతిని పైకెత్తి పిడికిలి ముడిస్తే లైట్ పోయిందని అర్థం. అలాంటి చోట ఎవరి చెవి ఎప్పుడు పోయిందో ఎవరికి తెలుస్తుంది? మగ్గం పక్కన నాయన అందరిలాంటివాడే. మెట్లెక్కి పైకి వచ్చాకే తేడా కనబడేది.

పైకి వస్తే టీవీ చప్పుడు పెంచేవాడు. అమ్మ తగ్గించేది, ఆయన మళ్లీ పెంచేవాడు. చివరికి అమ్మ ఊరుకుంది, ఆ హోరులోనే బీడీలు చుట్టడం అలవాటు చేసుకుంది. ఎక్కువ అడిగితే నాయన తప్పు సీరియల్‌వాళ్ల మీదికి తోసేవాడు. "ఇప్పటోల్లు మాట సక్కగ పలుకరు, నోట్లనే గొణుగుతరు" అనేవాడు. డాక్టర్ దగ్గరికి పోదామని ఒకసారి అన్నాను. ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు. ముఖం తిప్పుకుంటే మాట ఆగిపోతుంది కదా, ఆయనకు అది తెలుసు. ఇంకోసారి నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆడుతుంటే అమ్మ అన్నానికి పిలిచి పిలిచి విసిగి, నా ముందుకు వచ్చి నిలబడి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఉందని తిట్టింది. తిట్టింది నన్నే. కానీ నాయన అప్పుడు అమ్మ పెదవులనే చూస్తున్నాడు. కంచం ముందు కూర్చున్నాడు, పెరుగు వేసుకోకుండానే లేచాడు. అమ్మ ఆ పూటంతా నాతో మాట్లాడలేదు, తప్పు నాదైనట్టు.

ఇన్వర్టర్ వచ్చిన కొద్దిరోజులకు మగ్గానికి ఏదో పట్టింది. అన్నం దగ్గర నాయన చెప్పాడు. నడుస్తున్న మగ్గం ఉన్నట్టుండి ఆగుతోందట. దారం తెగదు, కండెలో నూలు అయిపోదు, హ్యాండిల్ ఎక్కడిది అక్కడే ఉంటుంది. వెతికినా తప్పు దొరకదు. అంతకంటే విచిత్రం, కాసేపు చూస్తూ నిలబడితే దానంతట అదే మళ్లీ నడుస్తోందట. ఆ మాట వినగానే అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. మరునాడే ఆమె నిమ్మకాయ, మిరపకాయలు తెచ్చి మగ్గానికి కట్టించింది.

మగ్గాలు బాగుచేసే జాబర్ వచ్చాడు. అతను ఉన్నంతసేపూ మగ్గం బుద్ధిగా నడిచింది. బెల్టు చూశాడు, మోటారు చూశాడు, ఏమీ లేదన్నాడు. మగ్గానికి వయసైందని, మనిషికైనా మగ్గానికైనా అప్పుడప్పుడు మతిమరుపు వస్తుందని హాస్యమాడి చాయ్ తాగి పోయాడు. నాయన నవ్వలేదు. ఆయన దాన్ని అవమానంగా తీసుకున్నాడు. తన మగ్గం తనకు చెప్పకుండా ఆగడం, తనను అడగకుండా నడవడం ఆయన సహించలేకపోయాడు.

నాకు మాత్రం భయం పట్టుకుంది. దానంతట అదే ఆగే మగ్గంతో పని పోతుంది, అంతే. దానంతట అదే నడిచే మగ్గంతో చెయ్యి పోతుంది. మా పెదనాయన కుడిచేతికి రెండు వేళ్లు లేవు. పెళ్లిళ్లలో అక్షింతలు వేసేటప్పుడు కూడా ఆయన ఆ చేతిని తువ్వాలు కింద దాచుకుంటాడు. నాయన చెయ్యి కూడా అలా కాకూడదు. మగ్గం ఆగగానే హ్యాండిల్ పక్కకు తోసి తర్వాత వెతకమని ఆయన ముందు కూర్చుని పెదవులు కదిపి మరీ చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు.

"హ్యాండిల్ తీసి మల్ల పెడితె మంచిగనే నడుస్తది బిడ్డా. అట్లయితె తప్పు యాడున్నదో ఎట్ల దొరుకుతది? దొంగ దొరకాల్నంటె తలుపు తెరిచే ఉంచాలె."

అంటే హ్యాండిల్ అలాగే ఉంచి, ఆగిన మగ్గంలోకి చెయ్యి పెట్టి వెతుకుతాడన్నమాట. నాకు కోపం వచ్చింది, అరిచాను. అరిస్తే ఆయనకు నా ముఖం కనబడుతుంది, మాట కాదు. ఆయన నా తల నిమిరి మెట్లు దిగి వెళ్లిపోయాడు. నేను కోపంతో ఆట పెట్టుకున్నాను. ఆ రోజుల్లోనే చదివిన నవలలో హంతకుడు ఇంటి గడియారమే మార్చి అందరినీ మోసం చేస్తాడు. సగం పుస్తకానికే అతణ్ణి పట్టేశాను. మా ఇంట్లో మార్చిన గడియారం మెట్ల కింద డబ్బాలో కూర్చుని ఉందని మాత్రం నాకు తట్టలేదు. నాకే కాదు, అమ్మకూ తట్టలేదు, జాబర్‌కూ తట్టలేదు. లైట్ పోతే దీపం ఆరుతుంది, దీపం ఆరలేదు కాబట్టి లైట్ పోలేదు. కరెంటుకూ ట్యూబ్‌లైట్‌కూ మా నోట్లో ఉన్నది ఒకటే మాట, లైట్.

ఆ రోజు నాకు సెలవు. అమ్మ పొద్దున్నే బస్సెక్కి కుంభారికి, పెద్దమ్మ ఇంటికి పోయింది. సీరియల్ గొడవ లేదు, టీవీ మొత్తం నాదే. మధ్యాహ్నం అన్నం తిన్నాక నాయన కిందికి వెళ్లాడు, నేను హెడ్‌ఫోన్ తగిలించుకుని బంగ్లాలోకి వెళ్లాను. చాలాసేపు ఆడాను. ఆ ఇంట్లోది పక్క గదిలోనే ఉంది, దాని ఊపిరి నా కుడి చెవిలో వినబడుతోంది. చేతులకు చెమట పట్టి పట్టు జారుతుంటే ఆట ఆపి, హెడ్‌ఫోన్ తీసి, నీళ్ల సీసా పట్టుకుని గల్లీ మీదికి ఉన్న గ్యాలరీలోకి వచ్చాను.

గల్లీలో అందరూ బయట ఉన్నారు. ఎదురింటి ఓటా మీద ఇద్దరు కూర్చుని తంబాకు నలుపుతున్నారు. పక్కింటాయన తలకూ మీసాలకూ దూది పట్టుకుని ఉంది, బనీనుతో విసురుకుంటున్నాడు. ఎండలో ఒక్క మగ్గం చప్పుడు లేదు. లైట్ పోతే మా గల్లీ ఇలాగే ఉంటుంది, పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. నేసేవాళ్లంతా ఒక్కసారే బయటికి వస్తారు, లైట్ వచ్చేదాకా ముచ్చట్లు పెట్టుకుంటారు. నేను నీళ్లు తాగుతూ వాళ్లను చూస్తున్నాను. పక్కింటాయన తలెత్తి నన్ను చూశాడు, నా వెనక తిరుగుతున్న ఫ్యాన్ చప్పుడు విన్నాడు.

"ఏందమ్మా, మీ ఇంట్ల లైట్ ఉన్నదా?" అన్నాడు. తర్వాత మా ఓటా వైపు చూసి, "అన్న కనబడ్తలేడు" అన్నాడు.

అందరూ బయట ఉన్నారు. మా నాయన లేడు.

వెనక్కు తిరిగి చూశాను. టీవీలో బంగ్లా తలుపు అలాగే వెలుగుతూ ఉంది. దాన్ని చూసిన క్షణంలో అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఆగిన మగ్గం, ఆరని దీపం, నిమ్మకాయ, జాబర్, అన్నీ. నీళ్ల సీసా ఎక్కడ పడేశానో తెలియదు. మా మెట్లు ఇంటి లోపలి నుంచే దిగుతాయి, నిటారుగా ఉంటాయి, రెండేసి చొప్పున దిగాను. దిగుతూనే నాయినా అని అరిచాను. అరవడం దండగని తెలిసి కూడా అరిచాను.

ట్యూబ్‌లైట్ తెల్లగా వెలుగుతోంది. మగ్గం ఆగి ఉంది. హ్యాండిల్ నడిచే వైపే ఉంది. నాయన వీపు నా వైపు పెట్టి మగ్గం మీదికి వంగి ఉన్నాడు, కుడిచెయ్యి పడుగు దారాల మధ్య, దువ్వెనలా ఉండే ఫణి ముందు, మోచేతి దాకా లోపల ఉంది. లైట్ వస్తే ఆ ఫణి దిమ్మ ముందుకు వచ్చి కొడుతుంది. దానికి బట్ట అంచూ చెయ్యీ ఒకటే. లైట్ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. ఇప్పుడే రావచ్చు.

పరుగెత్తి వెళ్లి ఆయన్ను వెనక్కి లాగాలనిపించింది. కానీ మగ్గంలో చెయ్యి ఉన్న మనిషిని వెనక నుంచి ముట్టుకోకూడదు. ఇది మా ఇళ్లలో పాకే పిల్లలకు కూడా చెబుతారు. ఉలిక్కిపడితే చెయ్యి ఎటు పోతుందో చెప్పలేం, దారాల్లో చిక్కుకుంటే ఇంకా లోపలికే పోతుంది. అందుకని గోడవారగా మగ్గం చుట్టూ తిరిగి ఆయన ఎదుటికి వెళ్లాను. దారాల అవతల ఆయన ముఖం ఉంది, ఏదో గొణుక్కుంటూ వేళ్లతో తడుముతున్నాడు. నేను చెయ్యి పైకెత్తి ఊపాను. తలెత్తాడు. విప్పిన అరచేతిని చూపించి పిడికిలి ముడిచాను. పెదవులతో కూడా చెప్పాను, లైట్ పోయిందని.

నాయన నన్ను చూశాడు. ఎడమచెయ్యి ఎత్తి నెత్తిమీది ట్యూబ్‌లైట్ చూపించాడు.

"లైట్ ఉన్నది గదా" అన్నాడు.

మళ్లీ వంగాడు. ఇంకోసారి చూపించడానికి ఆయన ముఖం నాకు దొరకలేదు. ఇన్వర్టర్ అనే మాటకు మగ్గాల మాటలో గుర్తు లేదు. గల్లీ అంతా బంద్ అని ఎలా చూపించాలి? చూపించినా, నీకు వినబడటం లేదు గానీ అనే మాట దాని వెనకే ఉంది. ఆ మాట ఇన్నేళ్లూ మేము దాటేస్తూ వచ్చాం. నాకు ఏడుపు వచ్చింది. బెల్టు లాగుదామా అనుకున్నాను, హ్యాండిల్ అందుకుందామా అనుకున్నాను. హ్యాండిల్ ఆయన పొట్ట పక్కన ఉంది, అందుకోవాలంటే మళ్లీ ఆయన వెనకకే పోవాలి. అప్పుడు ఆ ట్యూబ్‌లైట్ వెలుగే నా కంట్లో పడింది.

స్విచ్ బోర్డు మెట్ల దగ్గర ఉంది. వచ్చిన దారినే గోడవారగా పరుగెత్తాను. మోకాలు దేనికో కొట్టుకుంది. ట్యూబ్‌లైట్ స్విచ్ ఆపేశాను.

గది చీకటైంది. మెట్ల మీది నుంచి దిగే కాస్త వెలుగులో నాయన ఏం చేశాడో నాకు సగమే కనబడింది, కానీ తెలుసు. బతుకంతా చేసిందే చేశాడు. దీపం ఆరింది, చెయ్యి బయటికి వచ్చింది. నడుము నిటారు చేసి, "ఆఁ, పోయింది" అని తనలో తాను అనుకుని, తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆయన హ్యాండిల్ కోసం చెయ్యి చాపుతున్నాడు.

అది అందేలోపే మగ్గం కొట్టింది. ఒక్క దెబ్బ, దాని వెంట ఇంకోటి, తర్వాత ఎప్పటిలా వరసగా. నేల అదిరింది. బయట గల్లీలో కూడా మగ్గాలు ఒకదాని తర్వాత ఒకటి అందుకున్నాయి. చీకట్లో నాయన కదలకుండా నిలబడి ఉన్నాడు. ఆయనకు చప్పుడు తెలియదు, పాదాల కింద అదురు తెలుస్తుంది. నెత్తిమీది ఆరిన దీపాన్ని చూశాడు. నడుస్తున్న మగ్గాన్ని చూశాడు. దీపం లేకుండా మగ్గం నడవడం ఆయన పుట్టాక చూడలేదు. మెల్లగా తిరిగి, మెట్ల దగ్గర స్విచ్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడిన నన్ను చూశాడు. నేను లైట్ వేశాను.

ఆయన హ్యాండిల్ తోసి మగ్గం ఆపాడు. నా దగ్గరికి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"గల్లీల అన్ని బంద్ అయినయా?" అన్నాడు.

తలూపాను.

"అందరు బయటికొచ్చిన్రా?"

వచ్చారని తలూపాను. ఆయన మెట్ల కింద డబ్బాను చూశాడు, దాని మీద చిన్న పచ్చదీపాన్ని చూశాడు. తర్వాత కుడిచేతిని ముందుకు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఆ చేతిని నేను రెండు చేతులతో పట్టుకున్నాను. వెచ్చగా ఉంది, నూనె వాసన వస్తోంది. ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు, ఆయన వదిలించుకోలేదు. మగ్గానికి కట్టిన నిమ్మకాయను తెంపి, బయట పారేసి, ఓటా మీద కూర్చున్నాడు. గల్లీలో మిగతావాళ్లంతా లోపలికి వెళ్లిపోయారు, ఆయన ఒక్కడే కూర్చున్నాడు.

మరునాడు ఎలక్ట్రీషియన్ వచ్చి మగ్గం మీది దీపాన్ని ఇన్వర్టర్ నుంచి తప్పించాడు. అమ్మకు ఇది నచ్చలేదు, చీకట్లో పడతావని మళ్లీ మొదలుపెట్టింది. "లైట్ పోతె దీపం గుడ పోవాలె, ఉండనియ్యి" అన్నాడు నాయన. అంతకు మించి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మగ్గం బాగైందని అమ్మ సంతోషించింది, నిమ్మకాయ పని చేసిందని పెద్దమ్మకు ఫోన్‌లో చెప్పింది. నాకు ఆ బంగ్లాలోకి మళ్లీ పోవాలనిపించలేదు. ఇప్పటికీ ఆ ఆట ఆ తలుపు దగ్గరే ఆగి ఉంది.

ఆ తర్వాతి సెలవు రోజు సాయంత్రం అమ్మ టీవీ ముందు చేట పెట్టుకుని కూర్చుంది. నేను గోడకు ఆనుకుని నవల చదువుతున్నాను. నాయన కింద పని ముగించి, కాళ్లు కడుక్కుని వచ్చి చాప మీద కూర్చున్నాడు. సీరియల్ ఎప్పటిలా హోరెత్తుతోంది. అత్తగారు ఏదో అన్నది, కోడలు కుప్పకూలింది, అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నాయన టీవీని చూశాడు, అమ్మను చూశాడు. రిమోట్ ఆయన పక్కనే ఉంది, ముట్టుకోలేదు. నా వైపు తిరిగి ఆమె ఏమన్నదని అడిగాడు. నేను పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, అలవాటు ప్రకారం గట్టిగా అరిచి చెప్పాను.

"అరవకు బిడ్డా" అన్నాడు. "జర మొకం ఇటు తిప్పి చెప్పు."

అమ్మ చేతులు ఆగిపోయాయి. నేను పుస్తకం మూసి, టీవీకి వీపు పెట్టి, నాయన ఎదురుగా కూర్చున్నాను. అత్తగారు అన్నది గొంతు లేకుండా, మగ్గాల మాటలో, మొదటి నుంచి చెప్పాను. ఆయన నా పెదవులు చూస్తూ తలూపుతున్నాడు. కాసేపటికి అమ్మ చెయ్యి చాపి, నాయన పక్కనున్న రిమోట్ తీసుకుని టీవీ చప్పుడు తగ్గించింది.